తుఫాను గది

సీతారామపులంక,
12 నవంబరు 1999.

చిరంజీవి ఉషారాణికి నీ వదిన సుబ్బాయమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ అన్నయ్య రేడియో ఒక్కటే విశ్రాంతి లేక నీరసించిపోయింది. ఒరిస్సా తుఫాను వార్తలు మొదలైన దగ్గర్నుంచి దాన్ని చెవికి ఆనించుకునే తిరుగుతున్నారు. పొలంలోకీ అదే, పెరట్లోకీ అదే. "అక్కడికొచ్చింది ఇక్కడికి రాదంటావా?" అని అడుగుతారు. రాదని ఎలా చెప్పను? మూడేళ్ళ కిందట రానే వచ్చింది కదా. కొబ్బరితోట సగం పోయింది. పశువులపాక గోడ మీద పడి, తుంటి విరిగి, అత్తయ్యగారు పోయారు. చెట్లు పడి దారి మూసుకుపోకపోతే అమలాపురం ఆసుపత్రికి చేరేవాళ్ళమని ఆయన అనుకోని రోజు లేదు.

అందుకని ఆ పాక ఉన్న చోటే నడుమెత్తు పునాది లేపి శ్లాబు గది కట్టిస్తున్నారు. కిటికీలు లేవు, ఇనుప తలుపు. సారా కొట్టులా ఉందని నోరుజారాను, రెండు పూటలు నాతో మాట్లాడలేదు. కిరసనాయిలు డబ్బాలు, మోకులు, రంపాలు, గొడ్డళ్ళు, బ్లీచింగు పొడి, నీళ్ళ పీపాలు అన్నీ అందులోకి చేరుతున్నాయి. నా పెళ్ళినాటి ఇత్తడి గంగాళం కూడా అందులోకే వెళ్ళింది. మాకు స్నానానికి నీళ్ళు కాచుకునే పాత్ర లేదు గానీ తుఫానుకి మాత్రం ఏ లోటూ రానివ్వరు.

అసలు సంగతి మరిచాను. మీ మిల్లు నుంచి కొన్ని బస్తాలు ఉప్పుడు బియ్యం పంపమని రాయమన్నారు. ఎందుకో నేనడగలేదు, నువ్వూ అడగకు. అడిగితే మళ్ళీ రేడియో పెడతారు. గణేష్‌బాబు అన్నయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ వదిన,
సుబ్బాయమ్మ


మండపేట,
24 నవంబరు 1999.

వదినకి ఉషారాణి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. నాతో కూడా దాపరికమా వదినా? కేరళకి ఎగుమతి చేసే ఉప్పుడు బియ్యం మా అన్నయ్య అడిగాడంటే ఇంట్లో ఏ పరిస్థితి వచ్చిందో నాకర్థం కాదా? మన వైపు ఆ బియ్యం వాసనే ఎవరికీ పడదు. ఈసారి పంట సరిగా రాలేదని చెప్పడానికి వాడికి అభిమానం అడ్డొచ్చి ఉంటుంది. మావారికి చెప్పి మంచి సన్నబియ్యం లారీలో వేయించాను. మొహమాటపడకుండా తినండి. నేనేం పరాయిదాన్నా?

గది కట్టడం మంచి పనే, నవ్వకు. ఇక్కడా అందరిదీ అదే ధోరణి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోయి బ్యాంకులూ రైళ్ళూ కరెంటూ అన్నీ పోతాయట. మా వీధిలో కింద అదనపు గ్యాసుబండ లేని మంచం కనిపించదు. కాకినాడ నుంచి ఒకతను వచ్చి 'ప్రళయం పెట్టె' అని అమ్ముతున్నాడు. అందులో టార్చిలైటు, తాడు, మాత్రలు, ఒక ఈల ఉంటాయి. మేమూ ఒకటి కొన్నాం. "లోకమంతా పోయాక ఈల ఎవరికోసం ఊదాలే?" అని మావారు అడిగారు. ఆయనకి అన్నీ వేళాకోళాలే.

నాకు మాత్రం నవ్వు రాదు వదినా. ఆ రోజు అన్నయ్య దగ్గర ఈ రంపాలూ మోకులూ ఉంటే అమ్మ దక్కేది. ఊరి పక్కనే చేపలవాళ్ళ పాలెం ఉంది. అంతమంది మగాళ్ళున్నారు. ఒక్కడొచ్చి చెయ్యి వేశాడా? రాలిన కొబ్బరికాయలు ఏరుకోవడానికైతే వచ్చారట. నేను కడసారి చూపుకి కూడా నోచుకోలేదు. కొడుకు చేతి తులసినీళ్ళు గొంతులో పడ్డాకే అమ్మ పోయిందని అన్నయ్య చెప్పాడు చూడు, ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళూ గుండె చిక్కబట్టుకున్నాను.

నీ ఆడపడుచు,
ఉషారాణి


సీతారామపులంక,
20 జనవరి 2000.

ఉషారాణికి దీవెనలు.

రెండువేల సంవత్సరం వచ్చేసింది. ఆ రోజు మా ఊళ్ళో కరెంటు పోయింది. అది రోజూ పోయేదే కనుక ఎవరూ పట్టించుకోలేదు.

నువ్వు పంపిన సన్నబియ్యం చూసి మీ అన్నయ్య తల పట్టుకున్నారు. పిచ్చిదానా, మా గాదె నిండానే ఉంది. ఉప్పుడు బియ్యమైతే త్వరగా పురుగు పట్టదట. పైగా మనవాళ్ళెవరూ నోట పెట్టరు కనుక తుఫానొచ్చేదాకా భద్రంగా ఉంటాయట. సన్నబియ్యమైతే నేనే వండేస్తానని ఆయన భయం. వండేశాను కూడా. చాలా బాగున్నాయి.

లోకం ఆగిపోలేదు కదా, ఇకనైనా ఈయన నెమ్మదిస్తారనుకున్నాను. ఆయన నెమ్మదించలేదు సరికదా ఊరంతటికీ అంటించారు. మొన్నటిదాకా గది చూసి పకపకా నవ్విన పక్క పొలం చిట్టియ్య ఇప్పుడు 'తుఫాను కమిటీ'కి కార్యదర్శి. ఇంటికో బస్తా వడ్లు వేసినవాళ్ళే సభ్యులు. తుఫానొస్తే సభ్యులకే గదిలో చోటు. తలుపుకి రెండు తాళాలు. ఒకటి మీ అన్నయ్య మొలతాడుకి, రెండోది చిట్టియ్య మొలతాడుకి. సాయంత్రమైతే మా అరుగు మీద కూర్చుని ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని రానివ్వకూడదు అన్నదే మాట. తుఫాను గురించి మాట్లాడటం ఎప్పుడో మానేశారు.

మనింటికి చేపలు తెచ్చే లోవమ్మ నీకు గుర్తుందా? పాలెంలో అప్పారావు భార్య. మొన్న గంప దించి అడిగింది. "మాకు పొలాల్లేవు కదండి, వడ్లు ఎక్కణ్ణించి తెత్తామండి? ఎండుచేపలు తెచ్చి ఏత్తామండి. ఏడాదైనా చెడవండి. మా పిల్లల్ని కూడా గదిలోకి రానిత్తారా బాబుగోరూ?" చిట్టియ్య ముక్కు మూసుకుని, గదంతా నీచు కంపు కొడుతుందన్నాడు. నేను మీ అన్నయ్య మొహం చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ, "రూలు అందరికీ ఒకటే లోవమ్మా" అన్నారు. ఆమె గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

అవునూ, పాలెంవాళ్ళు ఆ రోజు రాలేదని నీతో ఎవరన్నారు?

నీ వదిన,
సుబ్బాయమ్మ


మండపేట,
6 ఫిబ్రవరి 2000.

వదినకి నమస్కారాలు.

ఉప్పుడు బియ్యం లారీలో వేయించాను. ప్రేమగా పంపిన సన్నబియ్యం కూడా తప్పయిపోయాయని తెలిసి బాధ కలిగింది. ఈసారి ఏ బియ్యమో, ఏ రంగు గోనెలో కావాలో ముందే రాయి.

కమిటీ సంగతి విని మావారు కూడా మెచ్చుకున్నారు. మా మిల్లర్లూ ఇలాంటిదేదో పెట్టాలని అనుకుంటున్నారట. అన్నయ్య పదిమందికి దారి చూపిస్తుంటే నువ్వు మాత్రం ప్రతి ఉత్తరంలో వాణ్ణి ఎగతాళి చేస్తావేంటి? గంగాళం పోయిందనా నీ బాధ? నేను కొత్తది కొని పంపిస్తాను.

పాలెంవాళ్ళ విషయంలో అన్నయ్య చేసిందే సబబు. కష్టంలో మనకి అక్కరకు రానివాళ్ళు మన గదిలోకి ఎందుకు? వాళ్ళు రాలేదని అన్నయ్యే అన్నాడు. అమ్మ కర్మల నాడు అందరి ముందూ అన్నాడు. నువ్వూ అక్కడే ఉన్నావు. ఆ రోజు నోరు విప్పనిదానివి ఇవాళ నన్నెందుకు అడుగుతున్నావు? అమ్మ నీకు అత్తే కావచ్చు. నాకు అమ్మ వదినా.

ఉషారాణి


సీతారామపులంక,
2 మార్చి 2000.

ఉషారాణికి.

నువ్వు అడిగావు కనుక రాస్తున్నాను. ఆ రోజు నోరు విప్పలేదన్నావు. నిజమే. కొడుకు గుండు చేయించుకుని కూర్చుని చెప్పుకుంటున్న మాటని నలుగురిలో కాదనడానికి నాకు నోరు రాలేదు. అది ఆయన దుఃఖం, ఎలా మోసుకుంటారో ఆయనిష్టం అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట లోవమ్మ పిల్లల నెత్తి మీదకి వచ్చింది. ఇక ఊరుకోలేను.

ఆ రోజు పాలెంవాళ్ళు వచ్చారు. తెల్లారగానే వచ్చారు. వాళ్ళ ఇళ్ళు ఎగిరిపోయాయి, సముద్రం మీదకి వెళ్ళినవాళ్ళు ఏమయ్యారో తెలియదు. అయినా వచ్చారు. రోడ్డు మీద చెట్లు అడ్డంగా పడి ఉంటే, మిగిలిన ఒక్క చిన్న పడవనీ అప్పారావు కాలవలోకి తెచ్చాడు. అత్తయ్యగారిని మా పెరటి తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకెళ్ళి ఎక్కించారు. పడవలో అందరికీ చోటు లేదు. విరిగిన కాలు కదలకుండా నేను పట్టుకుని కూర్చున్నాను. తల లోవమ్మ ఒళ్ళో ఉంది. మీ అన్నయ్య గట్టు మీద పడిన చెట్లు దాటుకుంటూ పరిగెత్తుతున్నారు. పడవతో సమానంగా ఎంతసేపు పరిగెత్తగలరు? వెనకబడిపోయారు.

లాకుల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగారు. లోవమ్మ తన సత్తుగిన్నెలో నీళ్ళు తీసి, కొంగు తడిపి, కొద్దికొద్దిగా నోట్లో పిండింది. ఆవిడ మింగారు. ఇంకొంచెం అడిగి తాగారు. లోవమ్మ ఒళ్ళోనే ప్రాణం పోయింది.

మీ అన్నయ్య ఒళ్ళంతా గీరుకుపోయి, రొప్పుకుంటూ వచ్చారు. అమ్మా అమ్మా అంటూ అదే గిన్నెలోంచి నీళ్ళు పోశారు. అవి పెదవుల పక్కనుంచి కారిపోయాయి. ఆయన అబద్ధమాడలేదు, పోశారు. మింగడానికి ఆవిడ లేరు, అంతే. తల్లికి ఆఖరి నీళ్ళు తన చేత్తో అందలేదన్న మాట ఆయన తనకి తానే ఒప్పుకోలేకపోయారు. లోవమ్మ గుమ్మంలోకి వస్తే తల తిప్పుకోవడం అప్పటినుంచే. ఆమెకి అర్థమైందో లేదో నాకు తెలియదు. చేపలు తేవడం మాత్రం మానలేదు.

నిన్ను నొప్పించాలని రాయలేదమ్మా.

నీ వదిన,
సుబ్బాయమ్మ


మండపేట,
15 మార్చి 2000.

శ్రీమతి సుబ్బాయమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. మూడేళ్ళు దాచినవారు ఇంకో ముప్పై ఏళ్ళు దాచలేకపోయారా? మా అమ్మ చావు గురించి నాకున్న ఒక్క ఊరటనీ మీరు లాగేశారు. ఇది నిజమో, చేపలమ్మేదానికి గదిలో చోటు ఇప్పించడానికి మీరు అల్లినదో నాకు తెలియదు. అన్నయ్యని అడగను. అడిగి వాడిని చిన్నబుచ్చలేను.

ఇకమీదట బియ్యం కావాలంటే మిల్లు అడ్రసుకి రాయండి.

ఉషారాణి


సీతారామపులంక,
9 మే 2000.

ఉషారాణికి దీవెనలు.

నన్ను 'గారు' అన్నావు. కాపురానికొచ్చిన కొత్తలో నీకు జడలు వేసిన చేతులివి, అందుకని నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. జవాబు రాయకూడదనే అనుకున్నాను. కానీ మీ అన్నయ్య తిండి మానేశారు, నీకు తెలియాలి.

కిందటి శుక్రవారం మిట్టమధ్యాహ్నం పాలెం తగలబడింది. ఎవరి పొయ్యిలోంచో నిప్పురవ్వ లేచింది, పైన సముద్రపు గాలి. తాటాకు ఇళ్ళు, చూస్తుండగానే అయిపోయాయి. దేవుడి దయవల్ల మనుషులు దక్కారు. వలలు, బట్టలు, బియ్యం, అన్నీ బూడిద.

పొగ చూడగానే మీ అన్నయ్య గది దగ్గరికి పరిగెత్తారు. చిట్టియ్యని పొలం నుంచి లాక్కొచ్చి రెండో తాళం తీయించారు. "ఇది తుఫానుకని దాచింది కదండీ, ఎవరు పడితే వాళ్ళకి ఎలా తీస్తామండీ?" అంటూ అతను గొణుగుతూనే ఉన్నాడు. ఈయన వినిపించుకోలేదు. నీళ్ళ పీపాలు బయటికి దొర్లించారు. ఉప్పుడు బియ్యం బస్తాలు విప్పారు. నాచేత గంగాళం పొయ్యెక్కించారు. ఆ తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, పక్కన నిలబడ్డారు.

ఎవరూ రాలేదు ఉషా. ఎండ తగ్గింది, పొద్దు వాలింది. ఒక్క పిల్లాడైనా రాలేదు. నేను వండిన అన్నం గంగాళంలో చల్లారిపోయింది. దీపాలవేళ లోవమ్మ గట్టు మీద వెళ్తూ కనపడితే ఈయనే ఎదురెళ్ళి పిలిచారు. "లోవమ్మా, గది తీసి ఉంచాను, అందరూ రండి." ఆమె ఆగి, "ఆయ్, అది తుఫాను గది కదండి బాబుగోరూ. మాది అగ్గండి. అయినా పైపాలెం వాళ్ళు కుండలతో అన్నం ఎత్తుకొచ్చేరండి, పిల్లలు తిన్నారండి" అంది. ఒక పాలెం కాలితే ఇంకో పాలెం వాళ్ళు వండుకుని రావడం వాళ్ళలో ఆనవాయితీ అట. ఆమె గొంతులో కోపం ఉంటే బాగుండేది. ఏమీ లేదు. నిజంగానే ఆ గది తమది కాదనుకున్నారు.

ఈయన తిరిగొచ్చి గడప మీద కూలబడ్డారు. లేపితే లేవలేదు. అప్పట్నుంచీ రేడియో కూడా పెట్టడం లేదు. నేను వేళాకోళమాడిన ఆ రేడియో మళ్ళీ మోగితే బాగుండునని ఉంది నాకు.

నీ వదిన,
సుబ్బాయమ్మ


మండపేట,
18 జూన్ 2000.

వదినా,

నమస్కారాలు. నన్ను క్షమిస్తావో లేదో, ముందు ఇది చదువు.

నిన్న అన్నయ్య వచ్చి వెళ్ళాడు. మిల్లులో పాత లారీ టార్పాలిన్లుంటే ఇమ్మన్నాడు, పాలెంలో కప్పులు వేసేదాకా వానకి అడ్డం కట్టుకుంటారట. మావారు ఉన్నవన్నీ కట్టించారు. అన్నం పెట్టాను. వాడు సగం చిక్కిపోయాడు వదినా. నేను అడగనని నీకు రాశానా, అడిగేశాను. నీ మార్చి ఉత్తరం తెచ్చి కంచం పక్కన పెట్టాను.

చదివాడు. చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. "వదిన రాసింది నిజమేనమ్మా. నేను పోశాను, లోపలికి పోలేదు. పోయాయని నీకు చెప్పాను, ఊరికి చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. లోవమ్మ మొహం చూస్తే ఆ కారిపోయిన నీళ్ళే కనపడేవి. అందుకే ఎవరూ రాలేదన్నాను" అన్నాడు. తరవాత ఏడ్చాడు. మా నాన్న పోయినప్పుడు కూడా వాడు అలా ఏడవలేదు. నేనూ ఏడ్చాను.

నీ మీద ఎంత కోపం పెంచుకున్నానో చెప్పలేను. వాడు వెళ్ళాక ఆలోచిస్తే ఒకటే అనిపించింది. దాహమేసినప్పుడు అమ్మకి ఎవరో ఒకరు నీళ్ళిచ్చారు. కొంగుతో ఇచ్చారు. నేను అక్కడ ఉన్నా అంతకన్నా ఏం చేసేదాన్ని? కొబ్బరికాయలు ఏరుకున్నారని ఆ మనుషులను నేనన్న మాటలు తలుచుకుంటే తల ఎత్తలేకపోతున్నాను.

పాలెంవాళ్ళని కూడా సభ్యులుగా చేర్చాలని అన్నయ్య కమిటీలో అడుగుతానన్నాడు. ఒప్పుకుంటారా?

ఒక్కటి చెప్పు వదినా. పడవలో అమ్మ ఏమైనా అందా? నన్ను అడిగిందా?

నీ ఉష


సీతారామపులంక,
22 అక్టోబరు 2000.

చిరంజీవి ఉషకి దీవెనలు.

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని అలిగి ఉంటావు. నువ్వడిగినదానికి మంచి జవాబు దొరుకుతుందేమోనని చూశాను. అల్లి రాయడం నాకు చేతకాదు. నిన్ను అడగలేదమ్మా. నన్నూ, కొడుకునీ కూడా అడగలేదు. "పాకలో దూడని విప్పారా?" అని అడిగారు. విప్పామని లోవమ్మే చెప్పింది. ఆ మాట విన్నాక ఆవిడ మొహం తేటపడింది.

కమిటీ ఒప్పుకోలేదు. "మీరు కట్టించిన గదే కావచ్చండి, లోపలున్నవి మా బస్తాలండి" అన్నాడు చిట్టియ్య. అందరూ తలలు ఊపారు. పాలెంవాళ్ళ తరఫున బస్తాలు నేనేస్తానని మీ అన్నయ్య అన్నారు. అయినా చోటు చాలదన్నారు. ఆ మాటలన్నీ వాళ్ళకి నేర్పింది ఆయనే కదా.

పోయిన వారం తుఫాను హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికే ఆకాశం నల్లగా మూసుకుపోయింది. సభ్యులు ట్రంకుపెట్టెలతో సహా గదిలోకి దిగారు. పెట్టె ఎక్కడ పెట్టాలని ఇద్దరు అప్పుడే తగువు పెట్టుకున్నారు. మీ అన్నయ్య పాలెం వైపు వెళ్ళారు. వాళ్ళు అప్పటికే చాపలూ కుండలూ నెత్తికెత్తుకుని, కాలవ అవతల హైస్కూలుకి బయల్దేరారట. ఈయన తిరిగొచ్చి, తాళంచెవి మొలతాడు నుంచి విప్పి చిట్టియ్య చేతిలో పెట్టారు. నా వైపు తిరిగి "పద" అన్నారు. ఎక్కడికని నేనడగలేదు. గేదెల్ని విప్పి వదిలి, నీ సన్నబియ్యంలో మిగిలినవి మూటగట్టుకుని బయల్దేరాను.

స్కూలు వరండా దాకా వెళ్ళి ఆగిపోయారు. లోపల మూడు పాలేల జనం ఉన్నారు. లోవమ్మ గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. ఈయన వానలో నిలబడే అడిగారు.

"లోవమ్మా, మాకిద్దరికీ చోటుంటుందా?"

ఆమె తలెత్తి చూసింది. "గదిలో చోటు లేదాండి బాబుగోరూ?" అంది.

"ఉంది. అమ్మని దాటించినవాళ్ళకి లేదన్నాను. ఇంక నేనెలా ఉంటాను?"

పక్కన పడుకున్న మనవడిని రెండు చేతులతో ఎత్తి ఒళ్ళోకి లాక్కుంది. "తడిసిపోతన్నారు, రండి" అని చాప సర్దింది.

అమ్మని దాటించినవాళ్ళన్న ఆ మాట మీ అన్నయ్య పెద్దగానే అన్నారు ఉషా. స్కూలంతా విన్నది. అప్పారావు విన్నాడు. నేను తెచ్చిన బియ్యం ఎసట్లో పోయడానికి ఎవరో గిన్నె అడిగారంతే. తుఫాను మా వైపు రాకుండా సముద్రంలోనే ఎటో సద్దుమణిగింది. కానీ గాలి బాగా వేసింది. ఈ నాలుగేళ్ళుగా కొబ్బరాకు కదిలినా లేచి కూర్చునే మనిషి, ఆ హోరులో, అంతమంది మధ్య, తడి చొక్కాతోనే చాప మీద నిద్రపోయారు. నేను లేపలేదు.

నువ్వొకసారి రా. లోవమ్మని చూద్దువుగాని.

నీ వదిన,
సుబ్బాయమ్మ